వెనకపేజీ భాగోతం

పాత ప్రేమలేఖలు చుట్టాలకు చూపించాలని సరదాపడే ప్రతివాడూ ముందు పేజీనే పదిసార్లు చదువుకుని జంకుతాడు. కొంప ముంచేది వెనకపేజీ.

ఈ మనవడినే తీసుకోండి. అమ్మమ్మ పెట్టె అడుగున తాతయ్య ఉత్తరాల కట్ట దొరికింది. పెళ్ళికి ముందు రాసినవి. ఉల్లిపొర కాగితం, రెండు వైపులా ఫౌంటెన్ పెన్ను. కుర్రాడు బుద్ధిమంతుడు. "ప్రాణమా", "నా చిలకా" ఉన్న పేజీలన్నీ పక్కన పెట్టి, పసిపిల్లల ముందైనా చదవదగ్గ మూడో పేజీ ఒక్కటే ఏరాడు. అందులో తాతయ్యకు జలుబు చేసింది, గొడుగు చువ్వ విరిగింది, వాన తగ్గలేదు. అంతే సంగతులు.

పని కూడా పద్ధతిగానే చేశాడు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకున్నాడు. నూలు గ్లౌజులు వేసుకోలేదు. అవి వేసుకుంటే కాగితం అంచు వేలికి ఆనదు, చిరిగాక గానీ తెలియదు. మడత దగ్గర చిరిగినచోట టేపు అంటించమన్న అమ్మ సలహాను విననట్టు దాటేశాడు. టేపు జిగురు కొన్నేళ్ళకు పసుప్పచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది, ఆ తర్వాత టేపు దానంతటదే ఊడిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. తుడిచే మందును స్కానర్ అద్దం మీద కాకుండా గుడ్డ మీద చల్లి తుడిచాడు. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టాడు. 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడుగు ఉన్న పేజీకి అది 3000 × 4800 పిక్సెళ్ళు. రంగుల్లో, కుదించకుండా దాచే టిఫ్ ఫైలు 43 ఎంబీ దాకా తేలుతుంది. అది దాచుకోవడానికి. పంచడానికి వేరే జేపెగ్, అంటే కుదించిన చిన్న ఫైలు, తీసి, వాట్సాప్ నలిపెయ్యకుండా ఫొటోలా కాక డాక్యుమెంటులా చుట్టాల గ్రూపుకు పంపాడు.

ఇంత చేసినవాడు ఒక్క నల్లకాగితం మరిచాడు.

పల్చటి ఉత్తరం వెనక నల్లకాగితం పెట్టకపోతే స్కానర్ వెలుగు దాన్ని దాటుకుని పోయి, మూత లోపలి తెలుపుకు తగిలి తిరిగొస్తుంది. ఊరికే రాదు, వెనకవైపు సిరా నీడను వెంటబెట్టుకొస్తుంది. నల్లకాగితం పెడితే వెలుగు అక్కడే ఇంకిపోతుంది. పేజీ కొంచెం బూడిదరంగుగా వస్తుంది, తర్వాత కాస్త తెలుపు పెంచుకుంటే సరిపోతుంది. మనవాడు అది పెట్టకపోగా ఆటో కాంట్రాస్ట్ నొక్కాడు. వెలిసిన అక్షరాల్ని ముదురు చెయ్యమన్నాడు గానీ ఏ వైపువో చెప్పలేదు కదా. వానకూ గొడుగుకూ మధ్య తిరగబడ్డ అక్షరాలు తేలాయి. మామూలు ఫొటోగా పంపి ఉంటే కుదింపులో ఆ నీడ సగం కొట్టుకుపోయేది. అతి జాగ్రత్తే పట్టించింది.

అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అమ్మమ్మ అన్నయ్య కూతురు, అంటే కుర్రాడికి వరసకు అత్తయ్య, ఏమీ పెట్టలేదు. ఆవిడ ఫోను పట్టుకుని అలమరా అద్దం ముందు నిలబడింది. తెర వెలుగు పూర్తిగా పెంచి, రెండు వేళ్ళతో పేజీని సాగదీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అద్దంలోకి చూస్తూ కూడబలుక్కుంది:

"మన పెళ్ళిలో... మీ అన్నయ్య... పాడతానంటే... ఎలాగైనా ఆపు. నిశ్చితార్థం నాటి పాట ఇంకా నా చెవులు వదల్లేదు."

పది నిమిషాల తర్వాత గ్రూపులో పడింది: "ఏరా, మా నాన్న పాట మీ తాతయ్యకు అంత చేదయిందా?"

చిలకా ప్రాణమా ఉన్న పేజీలు పెట్టినా ఇంత గొడవ ఉండేది కాదు. మధ్యలో చట్టం కూడా దూరింది. ఉత్తరం అందుకున్నవాళ్ళకు కాగితం మీదే హక్కు. అందులోని మాటలు రాసినవాళ్ళవి, వాళ్ళ తదనంతరం వారసులవి. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందం లెక్కన రాసినవాళ్ళు పోయాక కనీసం 50 ఏళ్ళ దాకా అంతే. అంటే కాగితం అమ్మమ్మది, జలుబు వారసులందరిదీ. తనను ఎవరూ మాటవరసకైనా అడగలేదని పెద్దమామయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

రాజీకోసం కుర్రాడు ఆల్బం దించాడు. మొదట చేతికొచ్చిన ఫొటోలో తొమ్మిదిమంది వరసగా నిలబడ్డారు. వెనక "ఎడమ నుంచి మూడోదాన్ని నేనే" అని ఉంది. ఆ నేను ఎవరో లేదు. గ్రూపు పావుగంటలో ఆమెకు ఆరు పేర్లు పెట్టింది, అందులో ఒకావిడ అప్పటికి పుట్టనే లేదు. ఇలాంటివి పంచేటప్పుడు అంచులు కత్తిరించకుండా, స్టూడియో ముద్ర కనబడేలా రెండు వైపులా పెట్టాలి. పేర్లు రాస్తే 2బీ లాంటి మెత్తటి పెన్సిలుతో, ఫొటోను గట్టి చదును మీద బోర్లించి, అంచున తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్ను తగలకూడదు.

పెళ్ళి ఫొటో జిగురుపేజీకి కరుచుకుని ఉంది. గోటితో లాగితే ఫొటో వంగి బొమ్మ ఉన్న పొర పగులుతుంది. మూరెడు డెంటల్ ఫ్లాస్ తీసి, మూల కింద దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ నిదానంగా ఆడించాడు. ఇరవై నిమిషాలకు ఊడింది. వెనకంతా పేజీ పీలికలు అతుక్కుని ఉండటంతో తిప్పి చూసినా ఏమీ కనబడలేదు. ముందు మాత్రం బ్రహ్మాండంగా ఉంది: వధూవరుల పక్కన అమ్మమ్మ అన్నయ్య, కళ్ళు మూసుకుని, నోరు బారెడు తెరిచి, కుడిచెయ్యి గాల్లో. తాతయ్య చూపు ఎటో ఆకాశంలో.

"చూశారా అత్తయ్యా, పెద్దతాతయ్య హాయిగా పాడుతున్నారు. ఎవరూ ఆపలేదు" అని రాసి పంపాడు.

స్కానర్ దీపం ఒక పక్కనుంచే పడుతుంది. కాగితం ఏమాత్రం ఉబ్బినా నొక్కుపడినా దాని నీడ తీస్తుంది. ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా పెట్టి రెండు స్కాన్లు తీసి కలిపితే ఆ నీడలు చాలావరకు పోతాయి. కుర్రాడు తొందరలో ఒకటే తీశాడు. ఎప్పుడో బాల్‌పెన్నుతో వెనక అదిమి రాసిన రాత తాతయ్య తెల్లచొక్కా మీద ఉబ్బి, ఎడమ కుడైపోయి, అక్షరం అక్షరం తేలింది.

అత్తయ్య మళ్ళీ అలమరా దగ్గరికి నడిచింది. రాత అమ్మమ్మది.

"ఆపలేకపోయాను. క్షమించండి."