సవరణ: ఐరిష్ వాళ్లు బోస్టన్‌కి కరువుకి ముందే వచ్చారు

మొన్న "1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయింది, దేశంలో తిండి లేక ఐరిష్ వాళ్లు బోస్టన్ బాట పట్టారు, అదే మొదలు" అని రాసేశాను. "అదే మొదలు" అన్నదీ, "తిండి లేక" అన్నదీ రెండూ తప్పే.

వాళ్లు అంతకుముందే ఉన్నారు. 1834లో బోస్టన్ పక్కనే చార్ల్స్‌టౌన్‌లో కన్యాస్త్రీల మఠాన్ని అల్లరిమూక తగలబెట్టింది, వచ్చిన ఐరిష్ వాళ్లలో చాలామంది క్యాథలిక్కులే, వాళ్లంటే అప్పటికే అంత కడుపుమంట. కరువుతో ఆ రాక వరదలా మారింది, అంతే.

ఇక "తిండి లేక" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. తెగులు పట్టింది దుంపకి, తవ్వితే నల్లగా కుళ్లి కంపు కొట్టేది, కానీ అదే సమయంలో ఓట్స్, వెన్న, పశువులు ఓడలెక్కి ఇంగ్లండ్‌కి పోతూనే ఉన్నాయి, ఎందుకంటే అవి అమ్మితేనే భూస్వామికి కౌలు, పేదవాడి నోటికి దుంపే. కౌలు కట్టలేనివాళ్లని ఇళ్లు కూలగొట్టి మరీ వెళ్లగొట్టారు.

అన్నట్టు, అందరూ నేరుగా బోస్టన్‌లో దిగలేదు. కెనడా నుంచి కలప తెచ్చిన ఓడలు ఖాళీగా తిరిగి వెళ్లడం ఎందుకని మనుషుల్ని ఎక్కించుకునేవి, టికెట్ చవక. అలా కెనడాలో దిగి కిందికి బోస్టన్ వైపు వచ్చినవాళ్లు బోలెడుమంది. పాత పోస్టులో ఆ లైన్లు మార్చేశాను.