ముట్టుకోవద్దన్న బొమ్మ

ఈమధ్య ఒక ఆర్ట్ షోకి ఆరేళ్ల మా మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. చిన్నప్పటి ఆటబొమ్మల్ని తలుచుకుంటూ ఒక చిత్రకారుడు చెక్కతో చేసి రంగులేసిన బొమ్మలవి. తెల్లటి దిమ్మెల మీద ఒక్కోటి విడివిడిగా పెట్టి, పైనుంచి లైటు వేశారు. వాటిలో ఒక గుర్రం ఉంది. కాళ్లకు నాలుగు చక్రాలు, మెడకు ఎర్ర తాడు. ఆ తాడుని చక్కగా చుట్ట చుట్టి గుర్రం ముందు పెట్టారు. పిల్ల చెయ్యి చాపిందో లేదో, అక్కడున్న కుర్రాడు వచ్చి "టచ్ చెయ్యకూడదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మెట్లు దిగుతుంటే అడిగింది: "లాగకూడదంటే తాడెందుకు కట్టారు మావయ్యా?"

నేను కొన్న క్యాటలాగ్‌లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. 'నోస్టాల్జియా', అంటే పోయిన రోజుల మీద బెంగ, అనే మాట మాత్రం పేజీకొకసారి ఉంది.

ఆ గుర్రం అందంగా లేదని నేననను. మెడ దగ్గర ఉలి పెట్టిన గాటుని చెరపకుండా, దాని మీదే పలచగా పసుపు రంగు వేయడం చూస్తే చెక్కతో పరిచయమున్న చెయ్యేనని తెలుస్తోంది. నా పేచీ వేరే. ఆటబొమ్మ మీద కళ చేస్తున్నామంటూ మనం ఆ బొమ్మలోంచి ఏం తీసుకుంటున్నాం, ఏం వదిలేస్తున్నాం? ఇలాంటి షోలు చాలావాటిలో రూపం, రంగు గ్యాలరీకి వస్తున్నాయి. ఆడే చెయ్యి, చేసిన చెయ్యి గుమ్మం బయటే ఆగిపోతున్నాయి.

నిజానికి మన భాషలో ఈ తగువు ఉండకూడదు. తెలుగులో గీసేదీ బొమ్మే, చెక్కేదీ బొమ్మే, పిల్లలు ఆడుకునేదీ బొమ్మే. రూపాయి బిళ్ల ఎగరేస్తే బొమ్మా బొరుసా అంటాం. థియేటర్లో సినిమా మొదలైతే బొమ్మ పడింది అంటాం. ఆఖరికి కంటి పైనున్నది కూడా కనుబొమ్మే. ఆటవస్తువు ఒక మెట్టు కింద, శిల్పం ఒక మెట్టు పైన అనే లెక్క ఈ మాటలో లేదు. ఆ లెక్క ధరల దగ్గర మొదలవుతుంది, గోడ మీద అంటించే పేరు చీటీ దగ్గర గట్టిపడుతుంది.

అలాగని 'ముట్టుకోవద్దు' అనేది గ్యాలరీలు కనిపెట్టిన మాట కాదు. మన బొమ్మల కొలువులో కూడా అదే రూలు. సంక్రాంతికో దసరాకో ఇంట్లో మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, అటక మీద పెట్టె దించి, పాత బట్టలో చుట్టిన బొమ్మల్ని ఒక్కోటీ బయటికి తీసేవాళ్లు. తీసేదాకా పిల్లలం కావాలి. మెట్టెక్కాక మాత్రం చూడాలంతే. మా ఇంట్లో కొండపల్లి బొమ్మ ఒకటుండేది, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. అతని కుడిచెయ్యి నా వల్లే ఊడింది. భుజం దగ్గర విరిగినచోట రంగు కింద తెల్లటి పొర, ఆ తెల్లపొర కింద గోధుమరంగు ముద్ద, దాని కింద దూదిలా తేలికైన చెక్క కనిపించాయి. దెబ్బలు తిన్నాను గానీ, ఆ బొమ్మ ఎలా తయారవుతుందో నాకు తెలిసింది ఆరోజే.

ఆ గోధుమరంగు ముద్దని మక్కు అంటారు. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి చేస్తారు. కొండపల్లి బొమ్మని ఒకే దుంగలోంచి చెక్కరు. తెల్లపొణికి కర్రని బాగా ఆరనిచ్చి చేతులు, కాళ్లు, తల, మొండెం విడివిడిగా చెక్కుతారు. మక్కుతో అతికి, ఆకురాయితో అరగదీసి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. అందుకే ఆ బొమ్మల్లో భుజాలు కాస్త బిగదీసుకున్నట్టు, మోచేతులు ఎవరో పిలిస్తే ఆగినట్టు ఉంటాయి. అది చేతకానితనం కాదు. తేలికైన మెత్తటి కర్రకి, అతుకులతో చేసే పద్ధతికి పుట్టిన శైలి. ఇప్పుడు ఆర్ట్ షోల్లో మనం మెచ్చుకుంటున్న 'అమాయకత్వం' చాలావరకు ఇదే. అది పసితనం నుంచి రాలేదు, పనితనం నుంచి వచ్చింది. క్యాటలాగ్ రాసేవాళ్లు ఈ రెంటినీ ఒకటి చేసేస్తారు.

కొండపల్లి బొమ్మ కొలువుది, చూడ్డానికి. ఆడుకోవడానికి ఏటికొప్పాక బొమ్మ. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. లక్కపిడతలతో అన్నం వండినట్టు, కూర దించినట్టు, ఎదురింటి పిల్లకి వడ్డించినట్టు ఆడుకున్నవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. అంకుడు కర్రని లేత్‌కి బిగించి తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. తర్వాత రంగు కలిపిన లక్కని ఆ తిరుగుతున్న కర్రకి ఆనించి అదుముతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకు పెట్టి ఒత్తితే మెరుపొస్తుంది. బ్రష్షుతో పని లేదు. ఆ బొమ్మలో మూలలుండవు, అంతా గుండ్రమే. పసిపిల్ల పిడికిట్లో పట్టేంత, నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోనంత. నోట్లో పెట్టుకుంటుందని తెలుసు కాబట్టే రంగు విషం కాకూడదు. రసాయన రంగులతో ఆ నమ్మకం దెబ్బతిన్నప్పుడు, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ పనిలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు సి.వి. రాజు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. పిల్ల నోటిని దృష్టిలో పెట్టుకుని రంగుని ఎంచుకోవడం నా లెక్కలో చాలా పెద్ద కళా నిర్ణయం. దాని మీద వ్యాసం రాసిన ఆర్ట్ క్రిటిక్‌ని నేనింతవరకు చూడలేదు.

ఆడే చెయ్యినీ చేసే చెయ్యినీ రెండిటినీ గుర్తుపెట్టుకున్న ఆధునిక చిత్రకారుడు లేడా అంటే, ఉన్నాడు. కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో 1924లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ విహారీ ముఖర్జీ, రాంకింకర్ బైజ్‌ల దగ్గర నేర్చుకుని, బరోడాలో దశాబ్దాలు పాఠం చెప్పాడు. మధ్యలో 1959 నుంచి 61 దాకా చేనేత బోర్డులో డిజైన్ల పని చూశాడు. బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో ఒక సంత జరిగేది, ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్. పాఠాలు చెప్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు కలిసి వస్తువులు తయారుచేసి ఊళ్లోవాళ్లకి అమ్మేవాళ్లు. దానికోసం సుబ్రమణ్యన్ 1960ల నుంచి బొమ్మలు చేశాడు. చెక్క ముక్కలు, తోలు, పూసలు, తాళ్లు. ఒక చెక్క ముక్కకి రెండు పూసలు గుచ్చితే కళ్లు. కాస్త తోలు వేలాడేస్తే తోకో చెవో. ఏ జంతువో చెప్పలేం గానీ, జంతువని మాత్రం ఖాయంగా తెలుస్తుంది.

పేరున్న చిత్రకారుడు ఆటబొమ్మలు చేయడంలో వింతేం లేదు. మామూలు జనం కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లే ధరకి సంతలో పెట్టాడే, నాకు అది నచ్చుతుంది. జానపద కళ నుంచి 'స్ఫూర్తి' పొంది పైమెట్టెక్కి కూర్చోవడం ఒక దారి. ఆయన అటువైపు వెళ్లలేదు. బొమ్మ చేసేవాళ్ల వరసలోనే తనూ కూర్చున్నాడు, వాళ్లలాగే చేతికందిన తుక్కుతో చేశాడు. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆయన 2016లో పోయాడు. శతజయంతి ఏడాది 2024లో కోల్‌కతాలో పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఆయన చిత్రాలతో పాటు ఆ బొమ్మలకీ చోటు దొరికింది. దొరకాల్సిందే. కానీ సంతలో కొనుక్కున్న రోజున పిల్లల చేతికిచ్చిన బొమ్మని ఇవాళ ఏ పిల్ల చేతికీ ఇవ్వరు.

అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్‌కీ ఇదే జరిగింది. 1926లో పారిస్‌లో మొదలుపెట్టి తీగ, చెక్క, బెరడు, గుడ్డపీలికలతో ఒక బుల్లి సర్కస్ తయారుచేసి, నేలమీద కూర్చుని తనే ఆడించి చూపించేవాడు. ఇప్పుడది న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉంది. ఆడించే మనిషి లేడు, ట్రపీజ్ మనిషి గాల్లోనే ఉండిపోయాడు. ఉరుగ్వే చిత్రకారుడు తోర్రెస్ గార్సియా ఇంకో మాట ఆలోచించాడు. పిల్లలు బొమ్మని విరగ్గొట్టేది లోపల ఏముందో చూడ్డానికే కాబట్టి, ముక్కలుగానే ఇచ్చేస్తే సరి! తలలు, మొండేలు, కాళ్లు మార్చి మార్చి పేర్చుకునే చెక్కబొమ్మలు చేసి, 1920ల్లో న్యూయార్క్‌లో వాటితో వ్యాపారమే పెట్టాడు. గీత కార్మికుడి చెయ్యి విరిచి దెబ్బలు తిన్నవాడిగా ఆయనకి నా ఓటు.

గ్యాలరీల తరఫు వాదన కూడా విందాం. రోజుకి రెండొందలమంది తాడు లాగితే గుర్రం నెల తిరక్కుండా కుంటుతుంది, నిజమే. చిత్రకారుడికి ఎక్కడి నుంచైనా రూపం తీసుకునే హక్కుంది, అదీ నిజమే. మరి ముట్టుకోవడానికి పక్కన ఇంకో గుర్రం పెట్టొచ్చు కదా. విరిగితే మళ్లీ చేయొచ్చు, బొమ్మలవాళ్లు తరతరాలుగా చేస్తున్నదదే. ఇది పెద్ద సమస్యేం కాదు, తలుచుకుంటే అయిపోతుంది.

అసలు చిక్కు పేరు దగ్గర. ఆ షోలో ప్రతి చీటీ మీదా చిత్రకారుడి పేరు, ఏడాది, 'చెక్క, లక్క, సహజ రంగులు' అని ఉంది. లేత్ మీద ఆ చక్రాలు తిప్పిందెవరో లేదు. చిత్రకారుడే తిప్పాడేమో అనుకున్నాను. తిప్పలేదని అక్కడున్న కుర్రాడు చెప్పాడు, మామూలు విషయంలాగే. ఊరి పేరు ఒక్కటి చెప్పాడు, మనిషి పేరు అతనికీ తెలీదు. మన సినిమాకి టైటిల్స్‌లో మేకప్ అసిస్టెంట్ పేరు కూడా పడుతుంది. ఆ బొమ్మకున్న మర్యాద ఈ బొమ్మకి లేకుండా పోయింది.

ప్రభుత్వాల గుర్తింపూ ఇలాగే ఊరి దగ్గరే ఆగిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే, మూడో బహుమతి కూడా తెచ్చింది. చైనా బొమ్మల్ని ఆపడానికి కేంద్రం 2020లో దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. ఇవన్నీ మంచివే. కాకపోతే భౌగోళిక గుర్తింపు కాపాడేది ఊరి పేరుని. సుంకం కాపాడేది పరిశ్రమని. చెక్క తిప్పిన మనిషి ఈ రెంటిలోనూ డజనుకింత అనే కూలి లెక్కలోనే ఉంటాడు.

'మన సంప్రదాయంలో శిల్పులు పేరు చెక్కుకోలేదు, అదొక వినయం' అని కొందరంటారు. ఈ మాట చెప్పేవాళ్లు సాధారణంగా తమ పెయింటింగ్ కింద సంతకం పెట్టడం మరిచిపోరు. పైగా నోస్టాల్జియా అనే మాట ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. చూసేవాడికి అది పోయిన చిన్నతనం. చేసేవాడికి రేపు పొద్దున మళ్లీ కూర్చోవాల్సిన పని. పోయినదని మనం బెంగపడుతున్న వస్తువుని ఎవరో ఇప్పుడే లేత్ మీదినుంచి దించారు, ఇంకా వేడిగానే ఉంది.

షో నుంచి వస్తూ ఒక హస్తకళల దుకాణంలో లక్కపిడతల సెట్ కొన్నాను. అట్టపెట్టె మీద 'హ్యాండ్‌మేడ్' అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలు. చేసినవాళ్ల పేరు కోసం పెట్టె అడుగున కూడా తిప్పి చూశాను, లేదు. మా పిల్లకి ఇవేవీ పట్టలేదు. కారులోనే కుంపటి వెలిగించి నాకు పులుసు వడ్డించింది. వారం తిరక్కుండా ఒక మూత సోఫా కిందకి పోయింది, అప్పడాల కర్రకి ఒక కొసన లక్క రాలి తెల్లకర్ర కనిపిస్తోంది.