పై పెదవి కింద హోల్‌సేల్ వ్యాపారం

మా బావమరిదికి నల్లగొండ ప్రకాశం బజార్‌లో హోల్‌సేల్ దుకాణం ఉంది. సబ్బులు, బిస్కెట్లు, అగరుబత్తులు, బీడీ కట్టలు అమ్ముతాడు. దేవరకొండ నుంచి, మునుగోడు నుంచి, తిప్పర్తి నుంచి కిరాణం వాళ్లు వచ్చి సరుకు పట్టుకుపోతుంటారు, సగం రొక్కం, సగం ఉద్దెర. ఇన్నేళ్లలో అతనికి సైన్సుతో పని పడలేదు. ముప్ఫయ్యేళ్లు సర్కారు బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నాతోనూ పని పడలేదు. అలాంటిది పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "బావా, నువ్వు సైన్సు సారువి గదా, జర దుకాణం దాకా రా. ఒక సరుకు సమజైతలేదు" అన్నాడు. ఇంత ఆలస్యంగానైనా నా విద్యకు గౌరవం దక్కిందని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

కౌంటర్ మీద ఆరు గుండ్రటి డబ్బాలున్నాయి. సైజు బూటు పాలిష్ డబ్బాది, రంగులు మాత్రం పిప్పరమెంటువి. మూత తీస్తే లోపల పూరేకుల్లా పేర్చిన తెల్లటి చిన్న సంచులు, టీ బ్యాగుకు మనవళ్లలా ఉన్నాయి. వీటి పేరు నికోటిన్ పౌచ్‌లు. పై పెదవికీ చిగురుకీ నడుమ ఒకటి ఇరికించి అరగంటో గంటో ఊరుకోవాలి. నమలకూడదు, మింగకూడదు, ఉమ్మనక్కర్లేదు. ఉమ్మనక్కర్లేదు అన్న దగ్గర మా బావమరిది ఆగిపోయాడు. బస్టాండు గోడలు చూసి పెరిగిన మనిషి, ఉమ్ము లేని మత్తును ఊహించలేకపోయాడు.

వాటిని హైదరాబాదు నుంచి వచ్చిన సేల్స్ కుర్రాడు శాంపిల్ అని వదిలివెళ్లాడట. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి పార్టీ ఇప్పటికే రెండు కార్టన్లు ఎత్తింది, మీరే ఆలస్యం అని కూడా చెప్పాడట. మహబూబ్‌నగర్‌లో నల్లగొండ పార్టీ గురించి ఇదే ముక్క చెప్పి ఉంటాడని నేను శాస్త్రీయంగా ఊహించాను.

డబ్బాలను ఇంటికి తెచ్చుకుని, వారం రోజులు భూతద్దం పెట్టి, మీదున్న ప్రతి అక్షరమూ చదివాను. దక్షిణ తెలంగాణ హోల్‌సేల్ సోదరుల ప్రయోజనార్థం నా పరిశోధనను ఇక్కడ ఉంచుతున్నాను. ఏ విశ్వవిద్యాలయమైనా డాక్టరేట్ ఇస్తానంటే కాదనను.

ఈ సంచుల్లో మినీ, స్లిమ్, రెగ్యులర్ అని ఆకారాలున్నాయి. మినీ పొట్టిది, స్లిమ్ సన్నగా పొడుగ్గా ఉండేది, రెగ్యులర్ కాస్త ఒళ్లున్నది. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంతకు మించి వర్ణించడు. స్లిమ్ అంటే నికోటిన్ తక్కువని బావమరిది అనుకున్నాడు. కాదు, అది నడుము కొలత. లోపలి ఘాటుకూ దానికీ సంబంధం లేదు. మళ్లీ వీటిలో తడివి వేరు, పొడివి వేరు. తడి సంచీ పెట్టగానే పనిలోకి దిగుతుంది. పొడిది సర్కారు ఫైలులా నిదానంగా నానుతూ ఎక్కువసేపు నడుస్తుంది. తడి సరుకు నిల్వ ఉంటే ఆరిపోతుంది, కాబట్టి గోడౌన్ చూసుకుని కొనాలి. ఏప్రిల్ నెలలో నల్లగొండలో, రేకుల కప్పు కింద, ఆరిపోకుండా ఉండేది అప్పు ఒక్కటే.

లెక్కలో ఇంకో గోతి ఉంది. డబ్బాకు మామూలుగా 20 సంచులు. అమెరికాలో బాగా నడిచే జిన్ (ZYN) అనే బ్రాండు పౌచ్‌ల డబ్బాలో 15. డబ్బాలు కలిపి చుట్టిన దాన్ని ఒకచోట రోల్ అంటారు, పది ఉంటాయి. ఇంకోచోట స్లీవ్ అంటారు, ఐదే ఉంటాయి. కట్ట రేటు ఒక్కటే అడిగి మురిసిపోయిన వ్యాపారి, 200 సంచులు వస్తాయనుకున్నచోట 75తో ఇంటికొస్తాడు.

ఘాటు విషయానికొస్తే, నల్లగొండ వాళ్లకు పుట్టుకతో వచ్చిన అర్హత ఒకటుంది. మిగతా జిల్లాల వాళ్లు మిల్లీగ్రామును మందుబిళ్లల అట్ట మీద చూస్తారు. మేం బిందెలో చూశాం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అని దేశ ప్రమాణం చెబుతుంది. మర్రిగూడ వైపు బోరుబావులకు ఆ ప్రమాణాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి కనిపెట్టిన నాగపూర్ శాస్త్రవేత్తలు దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మా పేరే పెట్టారు. ఊరి పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఊళ్లలో వంగిన కాళ్లు వంగినట్టే ఉన్నాయి. అందుకని మిల్లీగ్రాము అంటే ఏ పాటిదో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లీటరుకా, బిందెకా అన్నదే మా ప్రశ్న.

సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఈ డబ్బాలు మొహం తిప్పుకుంటాయి. ఒకదాని మీద గ్రాముకు 16 మిల్లీగ్రాములని ఉంది. ఇంకోదాని మీద సంచీకి 10 మిల్లీగ్రాములని ఉంది. ఏది ఘాటు? "పదహారే, ఇందులో అడిగేదేముంది" అన్నాడు బావమరిది. బోర్డు లేక బిస్కెట్ల అట్టపెట్టె మీద లెక్క వేశాను. మొదటి డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో నికర బరువు 10 గ్రాములని ఉంది. లోపల సంచులు 20. అంటే ఒక్కోటి అర గ్రాము. గ్రాముకు 16 అయితే అర గ్రాముకు 8. కనుక పదహారు కంటే పది పెద్దది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో పిల్లలకు నేను ఇలాంటి లెక్క ఒక్కటీ చెప్పలేకపోయాను. బావమరిది అట్టపెట్టె వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "బావా, నీకు పింఛన్ సరిగ్గనే వస్తున్నదా?" అని అడిగాడు.

ఆ ఎనిమిదీ మొత్తం ఒంట్లోకి పోతుందా అంటే అదీ లేదు. కొంత సంచీలోనే ఉండిపోయి చెత్తబుట్టలోకి పోతుంది. సిగరెట్టులోనూ పది మిల్లీగ్రాముల దాకా ఉంటే పీల్చేవాడికి చేరేది ఒకటో రెండో. అందుకని 'ఒక సంచీ ఇన్ని సిగరెట్లతో సమానం' అని బ్రోచర్‌లో వేసిన పట్టికను నేను సాహిత్యంగా చదువుకున్నాను.

ఇంత లెక్క ఎవరు వేస్తారని కంపెనీలే దయతలచి డబ్బా అంచున చుక్కలు వేశాయి. నాలుగింటిలో రెండు నిండితే మధ్యరకం, నాలుగూ నిండితే గట్టి సరుకు. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ ఒక కంపెనీ నాలుగు చుక్కలకూ ఇంకో కంపెనీ నాలుగు చుక్కలకూ చుట్టరికం లేదు. ఎవరి చుక్కలు వారివి, ఎవరి ఆకాశం వారిది.

నాకు నిజంగా కడుపు నిండింది పదార్థాల జాబితా దగ్గర. E460, E500, E950, E955 అని, ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే కోడ్‌లు, సిటీ బస్సు నెంబర్లలా ఉన్నాయి. 460 అంటే సెల్యులోజ్, చెట్టు పీచు; సంచీకి పొట్ట నింపేది అదే. 950, 955 చక్కెర లేని తీపి కోసం. షుగర్ జబ్బు ఉన్నవాళ్లకు వ్యసనం దూరం కాకూడదు కదా. E500 దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సోడియం కార్బొనేట్! బట్టల సోడా! వంటసోడా దాని చెల్లెలు, ఆమెదీ అదే ఇంటి నెంబరు.

నోట్లో పెట్టుకునేదాంట్లో బట్టల సోడా ఎందుకంటే, నికోటిన్‌కు క్షారం తోడైతేనే చిగురు గుండా చురుగ్గా ఒంట్లోకి ఇంకుతుంది. ఇది ఈ సంచులకు పుట్టిల్లయిన స్వీడన్ వాళ్లు కనిపెట్టారనుకుంటే పొరపాటు. మా నాయనమ్మ కొంగున రెండు డబ్బీలు ముడేసుకునేది. ఒకదాంట్లో తంబాకు, ఒకదాంట్లో సున్నం. ఎడమ అరచేతిలో తంబాకు పోసుకుని, గోటితో చిటికెడు సున్నం గీరి, బొటనవేలితో నలిపి, రెండు దెబ్బలు చరిచి, దుమ్ము ఊది, దవడన పెట్టుకునేది. సున్నమూ క్షారమే. క్షారం ఎక్కువైతే నోరు పొక్కేది, మర్నాడు చిటికెడును అర చిటికెడు చేసేది. దీన్నే ఇప్పుడు పీహెచ్ సవరణ అని ఫ్యాక్టరీల్లో తెల్లకోట్లు వేసుకుని చేస్తున్నారు. పేటెంటు తీసుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆమె దవడ లోపల మానని పుండు లేచినప్పుడు హైదరాబాదు తీసుకెళ్లాం. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, ఆమెను బయట కూర్చోబెట్టమన్నాడు.

సైన్సు సారుగా ఒకటి ఒప్పుకుంటాను. ఈ సంచుల్లో ఆకు లేదు కనుక, తంబాకులో ఉండే క్యాన్సర్ రసాయనాలు వీటిలో చాలా తక్కువ. కానీ నాయనమ్మను నలభై ఏళ్లు ఆ రెండు డబ్బీలకు కట్టేసింది ఆకు కాదు, నికోటిన్. అది ఇందులో శుభ్రంగా, తెల్లగా, పుదీనా వాసనతో ఉంది.

డబ్బా మొహం మీద 'పొగాకు రహితం' అని పెద్దక్షరాలు. వీపు మీద 'ఇందులో నికోటిన్ ఉంది, అది వ్యసనం కలిగించే రసాయనం' అని చిన్నక్షరాలు. ఆ నికోటిన్ ఎక్కడిది? కొందరు ల్యాబులో తయారుచేస్తున్నారు గానీ, ఎక్కువగా పొగాకు నుంచి పిండిందే. మిర్యాలగూడ మిల్లులో బియ్యం బస్తా మీద 'వడ్ల రహితం' అని ముద్ర కొడితే ఎవరు కాదంటారు? ఒక్క వడ్లగింజ ఉంటే చూపించండి.

ఈ సరుకును ఏ ఖాతాలో రాయాలన్నది బావమరిది బాధ. కుర్రాడి దగ్గర ప్రతిదానికీ జవాబుంది. పొగాకు కాదు, ఆకు లేదుగా. కనుక సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర వేసే భయంకరమైన బొమ్మ దీనికి అక్కర్లేదంటాడు. ఈ-సిగరెట్ కాదు, 2019లో నిషేధించినవి బ్యాటరీతో నడిచేవి, దీనికి బ్యాటరీ లేదు. తినేది కాదు, మింగరుగా. ఆ మాట ఎందుకంటాడంటే, ఏ ఆహార పదార్థంలోనూ పొగాకుగానీ నికోటిన్‌గానీ వాడరాదని 2011 ఆహార భద్రత నిబంధనల్లో ఒక వాక్యం ఉంది, గుట్కా నిషేధం నిలబడింది దాని మీదే. పోనీ మందా అంటే, సిగరెట్ మాన్పించే నికోటిన్ గమ్ మెడికల్ షాపులో లైసెన్సు నెంబరుతో దొరుకుతుంది, దీనికి ఆ నెంబరు లేదు. కాబట్టి మందు కాదు, రెండర్థాల్లోనూ.

ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు, మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు అని వరం అడిగినవాడు గుర్తొచ్చాడు నాకు. ఈ సంచీ కూడా నోటికి అటూ ఇటూ కాకుండా పెదవి గడప మీద కూర్చుంటుంది. యాదగిరిగుట్ట మాకు గంటన్నర ప్రయాణమే. కానీ స్తంభం చీలాలంటే ముందు ఫైలు కదలాలి.

ప్యాకెట్ల విషయంలో మావైపు అనుభవం తక్కువేం కాదు. 1993లో సారా నిషేధం వచ్చి సారా ప్యాకెట్లు పోయాయి. గుట్కా వచ్చింది. గుట్కా మీద నిషేధం పడగానే పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్ చేసి, కలుపుకోవడం మీ ఇష్టమన్నారు. 2016లో సుప్రీంకోర్టు ఆ జంట ప్యాకెట్ల మీద కూడా మాట్లాడాల్సి వచ్చింది. ప్యాకెట్లు మారినా చింపే పళ్లు అవే. ఇప్పుడు పళ్లకు ఆ శ్రమ కూడా తప్పించారు.

కుర్రాడి తురుపు ముక్క అమెరికా. 2025 జనవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 20 రకాల జిన్ పౌచ్‌ల అమ్మకానికి అనుమతి ఇచ్చిన మాట నిజం. అనుమతి ఇచ్చామంటే ఇవి సురక్షితమని కాదు అని ఆ ఎఫ్‌డీఏనే చెప్పిన మాటా నిజం. బ్రోచర్‌లో మొదటి మాట ఉంది. రెండోదానికి చోటు చాలలేదు. పైగా ఆ 20 రకాల్లోనూ సంచీకి మూడో ఆరో మిల్లీగ్రాములే. మా కౌంటర్ మీది ఎనిమిదీ పదీ ఆ ఇంటి పిల్లలు కావు.

మామిడి రుచి డబ్బా మీద '18 ఏళ్లు నిండినవారికే' అని రాశారు. నలభై ఏళ్లు సిగరెట్లు తాగి దగ్గుతున్న పెద్దమనిషి మామిడిపండు రుచి కోసం అల్లాడుతున్నాడని వీళ్లకు ఎవరు చెప్పారో. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం చెబుతుంది. కానీ గజం అనగానే మావాళ్లకు ప్లాటు గుర్తొస్తుంది, బడి గుర్తు రాదు. ఇంతా చేసి ఏ డబ్బా మీదా ఎమ్మార్పీ లేదు. దిగుమతి చేసినవారి పేరూ చిరునామా లేవు. ఏ నెల సరుకో లేదు. ఫిర్యాదు చేద్దామంటే ఫోన్ నెంబరు లేదు. ఐదు రూపాయల సబ్బుబిళ్ల మీద కూడా ఉండే సంగతులివి. అడిగితే, "స్టిక్కర్లు మేమే ఇస్తాం, రేటు మీరు రాసుకోండి" అన్నాడట.

మొన్న సోమవారం కుర్రాడు మళ్లీ వచ్చాడు. నేనూ దుకాణంలోనే ఉన్నాను. బావమరిది గొంతు సవరించుకుని, బిస్కెట్ల అట్టపెట్టె ముందు పెట్టుకుని, నేను నేర్పిన వరసలో అడిగాడు. మిల్లీగ్రాములు గ్రాముకా, సంచీకా? నికర బరువెంత? రోల్‌కు డబ్బాలెన్ని, డబ్బాకు సంచులెన్ని? తడిదా, పొడిదా? దిగుమతిదారు ఎవరు, ఎమ్మార్పీ ఏది? నా పాత విద్యార్థుల్లో ఎవరూ ఇంత చక్కగా అప్పజెప్పలేదు.

కుర్రాడు ఓపిగ్గా అంతా విని, ఒక డబ్బా తీసి అంచు మా వైపు తిప్పి పట్టుకున్నాడు.

"అన్నా, ఇవన్నీ కస్టమర్ అడగడు. మీరు వాళ్లకు చుక్కలు చూపించండి, చాలు."