రాజధాని దర్శిని: నెల్లూరు, ప్రకాశం జిల్లాల యాత్రికులకు

పాతకాలంలో యాత్రాగ్రంథాలు రాసినవాళ్ళది అదృష్టం. బండి కట్టుకుని, అటుకులు మూటగట్టుకుని బయల్దేరి, ఫలానా కోట, ఫలానా కోనేరు, ఫలానా దొరగారి విగ్రహం అని వరసగా రాసుకుంటూ పోయారు. పుస్తకం అచ్చయ్యి అంగడికెక్కే నాటికి కూడా రాజధాని ఉన్నచోటే ఉండేది. మనకు ఆ సౌకర్యం లేదు. 1940లో కోవూరులో పుట్టిన మనిషి అరుగు దిగకుండానే నాలుగు రాజధానుల కింద బతికాడు. అలాంటి మనిషికి దారి చూపే పుస్తకం ఇంతవరకూ రాకపోవడం సాహిత్యానికి తీరని లోటు కాబట్టి, ఆ భారం ఈ వ్యాసకర్త తలకెత్తుకోవలసి వచ్చింది.

మొదటి మజిలీ మద్రాసు. ఇక్కడ యాత్రికుడు ముందుగా చూడవలసింది సెయింట్ జార్జి కోట. లోపల ఇప్పటికీ సచివాలయం నడుస్తోంది, కాకపోతే మనది కాదు. తర్వాత హైకోర్టు వైపు నడవాలి. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మన టంగుటూరి ప్రకాశం ఈ నగరంలోనే తుపాకులకు ఎదురుగా రొమ్ము విప్పి నిలబడ్డాడు. ఆపైన మైలాపూరు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నది అక్కడే, 58 రోజులకు డిసెంబరు 15న కన్నుమూసిందీ అక్కడే. మద్రాసు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం కావాలన్నది ఆయన కోరిక. రాష్ట్రం ఇచ్చారు, మద్రాసు ఇవ్వలేదు. బదులుగా జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. రొమ్ము విప్పినాయన పేరు పక్క జిల్లాకు పెట్టుకున్నాం. లెక్క సరిపోయిందని ప్రభుత్వాల అభిప్రాయం.

రెండో మజిలీ కర్నూలు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళ ఒక నెల ఇక్కడ రాజధాని ఉంది. కొండారెడ్డి బురుజు చూడండి, ఎక్కవచ్చు. కార్యాలయాలు నడిచిన గుడారాలు చూద్దామనుకునేవారికి మాత్రం నిరాశే. వాటిని ఎప్పుడో మడిచేశారు. తవ్వకాల్లో మేకులు దొరికితే పురావస్తు శాఖ వారికి అప్పగించగలరు.

హైదరాబాదు గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. 1591 నాటి చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్యానీ. విభజన చట్టం పుణ్యాన పదేళ్ళకు మించకుండా, అంటే 2024 జూన్ 2 దాకా, అక్కడ ఉమ్మడిగా ఉండే వీలు చిక్కింది. మనవాళ్ళు మాత్రం గడువుకు ఎంతో ముందే, ఇంటి ఓనరు మొహం మాడ్చకముందే అన్నట్టు, సామాను సర్దేసుకున్నారు.

ఇక గ్రంథంలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం, ఎన్నడూ కాని రాజధాని దొనకొండ. 2014లో ఒకసారి, 2019లో మరోసారి రాజధాని ఇక్కడేనని పుకారు లేచింది. పడమటి ప్రకాశంలో ఈ ఊరికి రైల్వే స్టేషనుంది, బ్రిటిషువాళ్ళ నాటి విమానాల మైదానముంది, ఎటు చూసినా ప్రభుత్వ భూమి ఉంది. రాజధానికి ఇంకేం కావాలి? నీళ్ళు కావాలి, కానీ అది వివరాల్లోకి పోవడమవుతుంది. పుకారు పుట్టిన వారంలోనే కార్లు దిగాయి, కంపచెట్ల మధ్య హద్దురాళ్ళు లేచాయి. అసెంబ్లీ ఇక్కడ, హైకోర్టు అక్కడ అని వేలుపెట్టి చూపించిన బ్రోకర్లు, మేకలు కాసుకునేవాడిని కూడా గజాల్లో మాట్లాడే స్థితికి తెచ్చారు.

"ఏంది సామీ, సెక్రటేరియట్ యాడ కడతన్నారు?"

"నువ్వు నిలబడుండావే, దాని పక్కనే అన్నా."

యాత్రికులు ఆ హద్దురాళ్ళను శ్రద్ధగా చూడాలి. రాజులు చనిపోయాక సమాధులు కట్టడం లోకంలో ఉన్నదే. రాజధాని పుట్టకముందే రాళ్ళు పాతిన ఘనత మాత్రం మనకే దక్కుతుంది.

దగ్గర్లోనే వెలిగొండ సొరంగాలు చూడకుండా రావద్దు. 1996లో శంకుస్థాపన. రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణ నీళ్ళు నల్లమల కింద నుంచి ఈ కరువు సీమకు రావాలన్నది ఏర్పాటు. 2024 మార్చిలో వాటిని జాతికి అంకితం చేశారు. జాతి వచ్చింది, నాయకులు వచ్చారు, నీళ్ళు మాత్రం ఆ సభకు రాలేదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ వ్యాసకర్త ఎంతగానో సంతోషించాడు. మూడు పుస్తకాలు, మూడు అట్టలు, మూడు ధరలు. ఒంగోలు మనిషి ఒక అర్జీ పట్టుకుని విశాఖకు, దాని మీద వాదన విందామని అమరావతికి, తీర్పు కోసం కర్నూలుకు తిరిగితే రాష్ట్రమంతా చూసినట్టే కదా. 2021 నవంబరులో ఆ చట్టాలను వెనక్కి తీసుకోవడంతో పర్యాటక రంగానికి జరిగిన నష్టాన్ని ఎవరూ అంచనా వేయలేదు.

చివరి మజిలీ అమరావతి. పినాకిని ఎక్స్‌ప్రెస్ తెల్లవారుతూనే విజయవాడలో బయల్దేరి, ఒంగోలునూ నెల్లూరునూ పలకరించి మద్రాసుకు పోతుంది. 1953లో పోగొట్టుకున్న రాజధానికి పొద్దున బండి, ఇప్పటి రాజధానికి సాయంత్రం బండి. ఎక్కి విజయవాడలో దిగేసరికి రాత్రవుతుంది, వెలగపూడి సచివాలయంలో తలుపులు మూసుంటాయి. పైగా రోడ్డు మీద నెల్లూరుకు మద్రాసు దూరం 175 కిలోమీటర్లయితే విజయవాడ దాదాపు 275. పెద్దాసుపత్రికో, పెళ్ళి చీరలకో మనవాళ్ళు ఇంకా దక్షిణానికే పోతున్నారంటే తప్పు పట్టడానికి లేదు.

అమరావతిలో చూడవలసింది ఉద్దండరాయునిపాలెం. 2015 అక్టోబరు 22న ప్రధాని అక్కడ శంకుస్థాపన చేశారు, పార్లమెంటు ఆవరణలోని మట్టి, యమున నీళ్ళు తెచ్చిచ్చారు. 2025 మే 2న మళ్ళీ వచ్చి పనులు పునఃప్రారంభించారు. మొదటిసారి ఊరూరి నుంచి కుండల్లో మట్టి, నీళ్ళు కూడా పోయాయి. అక్కడికి వెళ్ళి కనిగిరి మట్టి ఏది, కావలి మట్టి ఏది అని అడగకండి. అందుకు వేరే అర్జీ పెట్టుకోవాలి.