గోదావరి ఒడ్డున నాలుగు గోడలు కావాలి

మొన్న కార్తీక మాసంలో నేనూ నా ఫ్రెండూ హైదరాబాద్ నుంచి బాసరకి బండి మీద వెళ్లి అదే రోజు రాత్రికి తిరిగొచ్చాం. ఫొటోలు పెట్టినప్పటి నుంచి రూట్ ఏంటి, రోడ్డు ఎలా ఉంది, ఇద్దరు ఆడపిల్లలు అంత దూరం ఎలా వెళ్లారు అని ఒకటే మెసేజ్‌లు. రూట్ చెప్తాను. కానీ వారం రోజులుగా నా మనసులో తిరుగుతున్న విషయం వేరే ఉంది, అది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అసలు ఈ ట్రిప్పు మొదలైంది మా ఫ్రెండ్ వాళ్ల అమ్మ వల్ల. ఆంటీకి గోదావరి నీళ్లు కావాలి. కారు మాట్లాడుకుని అందరం కలిసి వెళ్దాం ఆంటీ అంటే, "నేను రానమ్మా, మీరు వెళ్లి చెంబెడు నీళ్లు పట్టుకురండి చాలు" అన్నారు. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. 2015 జులైలో పుష్కరాలకి వెళ్లి స్నానం చేసి బయటికొస్తే, బట్టలు మార్చుకోవడానికి రేకులతో కట్టిన గది ముందు కనుచూపు మేర క్యూ ఉందట. ఇటు చూస్తే బస్సు కదిలిపోతోంది. చేసేదేం లేక తడి చీరతోనే బస్సెక్కి, సీట్లో కూర్చుంటే పక్కవాళ్లకి తడి తగులుతుందని నిజామాబాద్ దాకా నిలబడే వచ్చారట. ఆ తర్వాత నాలుగు రోజులు జ్వరం. పదేళ్లు దాటింది, ఆవిడ మళ్లీ గోదావరి మొహం చూడలేదు. రోజూ స్నానం చేసేటప్పుడు "గంగేచ యమునేచైవ గోదావరి" అని చదువుకునే మనిషి.

సరే, రూట్. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి, అంతా 44వ నంబర్ జాతీయ రహదారే, కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు అంటారు కానీ దయచేసి కళ్లు తెరుచుకునే వెళ్లండి, ఆ టైమ్‌లో లారీలు వెనక లైట్లు లేకుండా పక్కన ఆగి ఉంటాయి. టోల్ గేట్ల దగ్గర టూ వీలర్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, ఎడమవైపు దారిలో వెళ్లిపోవడమే. అరవై డెబ్భై కిలోమీటర్లకి ఒకసారి మారుతూ ఇద్దరం బండి నడిపాం. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలి, చట్టం కూడా అదే చెప్తోంది. రామాయంపేట దాటాక చలికి వేళ్లు కొంకర్లు పోయి క్లచ్ పట్టుకోవడం కష్టమైంది, గ్లౌజులు మర్చిపోకండి. కామారెడ్డిలో టీ తాగేసరికి తెల్లారింది. ఆ తర్వాత ఒక బంకులో టాయిలెట్‌కి తాళం, తాళంచెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ ఇంకా రాలేదు. మగవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకుంటారు. పొద్దున్నుంచి నీళ్లు తాగాలంటే భయపడుతూ రెండు వందల కిలోమీటర్లు బండి నడిపి చూడండి, తెలుస్తుంది.

నిజామాబాద్ నుంచి నవీపేట మీదుగా బాసర ముప్పై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. కోతల సమయం కాబట్టి రోడ్డులో సగం వడ్లే. పట్టా చివర్లు లేవకుండా రాళ్లు పెడతారు, పగలు కనిపిస్తాయి కానీ చీకటి పడ్డాక ఆ రాయి మీదకి ముందు చక్రం ఎక్కిందంటే అంతే సంగతులు. రైతుల్ని తిట్టుకోకండి, ఆరబోసుకోవడానికి కల్లాలు ఉంటే వాళ్లు మాత్రం రోడ్డు మీదకి ఎందుకు వస్తారు? మీరే తిరుగు ప్రయాణం వెలుతురు ఉండగా మొదలుపెట్టండి.

ఇక నది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది, మంజీర కలిసేదీ అక్కడే. మేం వెళ్లినప్పుడు నీళ్లు కదులుతున్నట్టే లేవు, పెద్ద చెరువులా ఉంది. దిగువన పోచంపాడులో శ్రీరాంసాగర్ నిండితే ఆ వెనుక జలాలు బాసర దాకా నిలబడతాయి. ఎగువన మహారాష్ట్రలో ఉన్న బాబ్లీ బ్యారేజీ గేట్లు కూడా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచుతారు, తర్వాత మూసేస్తారు. అందుకే కార్తీకంలో నది నిండుగా ఉన్నా అంత నెమ్మదిగా ఉంటుంది. నీళ్లలోకి దిగగానే పాదాల కింద మెత్తటి బురద, మోకాళ్ల దాకా వెచ్చగా, అడుగున చల్లగా. మూడు మునకలు వేసి లేచేసరికి నాలుగు గంటల ప్రయాణంలో ఒళ్లు పట్టేసినదంతా పోయింది. వాళ్లమ్మ పేరు చెప్పుకుని మా ఫ్రెండ్ మూడు మునకలు ఎక్కువ వేసింది. నేను ఒడ్డున కూర్చుని ఫోన్లు, తాళాలు చూసుకుంటూ ఆ పిల్లనే చూస్తున్నాను, అంత ప్రశాంతంగా ఉన్న దాని మొహం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ప్రశాంతత గట్టు ఎక్కేదాకానే. మేం దిగిన రేవు పేరు రాయను, అది ఒక్క రేవు సంగతి కాదు, ఏ ఒక్కరి సంగతీ కాదు. మెట్లున్నాయి, పట్టుకోవడానికి గొలుసు ఉంది, విగ్రహాలున్నాయి, రంగులు వేశారు, కొబ్బరికాయలు కొట్టే చోటు కూడా వేరేగా ఉంది. బట్టలు మార్చుకునే గది లేదు. మేం తీసుకెళ్లిన దుప్పటి నేను అడ్డం పట్టుకున్నాను. నది మీద గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒక అంచు పట్టుకుంటే ఇంకో అంచు లేచిపోతోంది. పై మెట్ల మీద ఐదారుగురు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. నదినే తీస్తున్నారేమో, నాకు తెలియదు. కానీ తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డ మనిషి అది ఎలా తేల్చుకోవాలి? వెళ్లి ఒక్కొక్కరి ఫోన్ అడిగి చూడాలా?

అప్పుడు పక్కనే స్నానం చేసి వచ్చిన ఒక పెద్దావిడ పిలిచింది. "ఇట్ల రా బిడ్డా, మేం అడ్డం నిలవడుతం." ఆవిడా, ఇంకో ఇద్దరూ వాళ్ల తడి చీరలే విప్పార్చి చుట్టూ పట్టుకున్నారు. "ఎవలు చూడరు, జల్ది మార్చుకో." అంతకు ముందే ఆవిడ బట్టలు మార్చుకోవడం చూశాను. పొడి చీర అంచు పళ్లతో పట్టుకుని, లోపల్నుంచి తడి చీర జార్చేసి, నిమిషం కూడా పట్టలేదు, ఒంటి మీద ఎక్కడా ఇంత కూడా కనిపించనివ్వలేదు. ఎన్నేళ్ల అలవాటైతే ఆ పని అంత తేలిగ్గా వస్తుంది! చూస్తుంటే మెచ్చుకోవాలనిపించింది, వెంటనే కోపమూ వచ్చింది. అరవై దాటిన మనిషి దేవుడి దగ్గరికి వచ్చి పళ్లతో చీర పట్టుకుని నిలబడాల్సిన అవసరం ఏంటి?

ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్తే, "పూర్వం ఆడవాళ్లు స్నానాలు చేయలేదా, వాళ్లకి గదులున్నాయా" అన్నారు. పూర్వం చాలా ఊళ్లలో ఆడవాళ్ల రేవు వేరు, మగవాళ్ల రేవు వేరు. ఆ మర్యాద ఉండేది. పూర్వం ప్రతి చేతిలో కెమెరా లేదు కూడా. ఒకసారి తీసిన వీడియో ఎన్ని ఫోన్లలోకి వెళ్తుందో తీసినవాడికే తెలియదు.

చట్టం ఉంది కదా అంటారు ఇంకొందరు. ఉంది. ఆడవాళ్లని అలా చాటుగా చూడటం, వీడియో తీయడం 2013 నుంచి ప్రత్యేకంగా నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. కానీ ఆ సెక్షన్ చదివితే, ఏకాంతం ఉంటుందని మనం నమ్మడానికి వీలున్న చోటు అయి ఉండాలి అని ఉంటుంది. చుట్టూ జనం ఉన్న మెట్ల మీద దుప్పటి చాటున నిలబడ్డ ఆడపిల్ల తరఫున అది ఎంత గట్టిగా నిలుస్తుందో నాకు నమ్మకం లేదు. ముందు గోడ కట్టండి. గోడ ఉంటేనే కదా ఆ గోడ దాటి చూసినవాడిది తప్పని ఎవరైనా ఒప్పుకునేది.

అడిగేది పెద్దదేం కాదు. నాలుగు గోడలు, పైకప్పు, లోపలి గడియ, బట్టలు తగిలించడానికి నాలుగు కొక్కేలు, సంచి తడవకుండా పెట్టుకోవడానికి ఒక అరుగు, నీళ్లు నిలవకుండా నేల కాస్త వాలుగా, ఒక లైటు. అంతే. మెట్లకి పోసిన సిమెంటులో ఎన్నో వంతు అవుతుంది అది? 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. మళ్లీ రేకులు తెస్తారు, పన్నెండు రోజులు నిలబెడతారు, పదమూడో రోజు లారీ ఎక్కిస్తారు. నది పన్నెండు రోజులే ఉండదు, కార్తీకంలో, మాఘంలో, ఇంట్లో మనిషి పోయి పిండాలు పెట్టే రోజున ఆడవాళ్లు ఆ మెట్లు దిగుతూనే ఉంటారు. ఈసారి రేకులు కాదు, ఇటుకలతో కట్టాలి. మీ ఊరి దగ్గర రేవు ఉంటే గ్రామసభలో అడగండి, కాగితం మీద రాసివ్వండి, మగవాళ్లు కూడా అడగండి. నేను ఎక్కడెక్కడ ఇవ్వొచ్చో కనుక్కుని రాసిస్తున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరాం. ఆంటీ గుమ్మంలోనే ఉన్నారు. చెంబు మూతకి కట్టిన గుడ్డ విప్పి, నీళ్లు తల మీద చల్లుకుని, మా ఇద్దరి మీదా చల్లారు. దర్శనం బాగా జరిగిందా అని అడుగుతారనుకున్నాను.

"బట్టలు ఎక్కడ మార్చుకున్నారే?" అన్నారు.

మా ఫ్రెండ్ నా వైపు చూసింది. చీరలు అడ్డం పట్టిన ఆ ముగ్గురి గురించి చెప్పింది. ఆంటీ చెంబు తీసుకుని పూజ గదిలోకి వెళ్తూ, "వాళ్లెవరో చల్లగా ఉండాలి" అన్నారు.