టీవీలో టిక్కు పడితే ప్రైమరీ గెలిచినట్టేనా?

అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు, అంటే ప్రైమరీలు, మొదలైతే చాలు, ఒకే మాట చక్కర్లు కొడుతుంది: “టీవీలో ఎవరి పేరు పక్కన టిక్కు పడితే ఆ రాష్ట్రం వాళ్ళదే. ఎక్కువ రాష్ట్రాలు గెలిచినవాళ్ళకే పార్టీ టికెట్. కాస్త ముందుగా ప్రకటిస్తే పోయేదేముంది?”

ముందు ఆ “రాష్ట్రం వాళ్ళదే” సంగతి. ఒక్క ఓటు ఎక్కువొస్తే మొత్తం దక్కడానికి అది మన ఎమ్మెల్యే సీటు కాదు. డెమోక్రాట్లలో కనీసం 15 శాతం ఓట్లు తెచ్చుకున్నవాళ్ళందరికీ దామాషాలో డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు) వస్తారు, అదీ చాలావరకు నియోజకవర్గాల వారీగా. నలుగురు డెలిగేట్లున్న చోట ఇద్దరే పోటీపడితే 59 శాతం తెచ్చుకున్నవారి వాటా 2.36, 41 శాతం వారిది 1.64. దగ్గరి అంకెకు సవరిస్తే చెరి ఇద్దరు! మూడో డెలిగేటు రావాలంటే 62.5 శాతం దాటాలి. ముగ్గురే ఉన్న చోట మాత్రం 51 శాతానికే ఇద్దరు దక్కుతారు. 2008లో నెవాడా విజేతగా హిల్లరీ క్లింటన్‌ను ప్రకటించారు. ఆనాటి లెక్కలో డెలిగేట్లు ఒబామాకు 13, ఆమెకు 12.

రిపబ్లికన్లలో కొన్ని రాష్ట్రాలు గెలిచినవారికే అన్నీ కట్టబెడతాయి. 2016లో ఫ్లోరిడాలో సగం ఓట్లు రాకపోయినా ట్రంప్‌కు 99కి 99 దక్కాయి. అక్కడ ఆ మాట నిజమే.

ఇక రాష్ట్రాలు లెక్కపెట్టడం. 2016 మార్చి 8న మిషిగన్‌లో క్లింటన్ ప్రత్యర్థి శాండర్స్‌ది సంచలన విజయమని రాత్రంతా ఊదరగొట్టారు. ఆయనకు అక్కడ మిగిలిన ఆధిక్యం నలుగురు డెలిగేట్లు. అదే రోజు మిసిసిపీలో క్లింటన్ ఆధిక్యం 20 దాటింది. అంటే చెరో రాష్ట్రం గెలిచిన ఆ రాత్రి ఆయన ఇంకా వెనకబడ్డారు.

ముందుగా ప్రకటిస్తే నష్టం లేదా? 2012లో అయోవా రిపబ్లికన్ కాకస్‌లో (కార్యకర్తలు ఒకచోట సమావేశమై ఓటేసే పద్ధతి) రామ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాలకు తేలిందేమిటంటే శాంటోరమ్‌దే 34 ఓట్ల ఆధిక్యం, అదీ 8 ప్రెసింక్టుల (ఓటింగ్ కేంద్రాల) లెక్క దొరకకుండానే. అప్పటికి తర్వాతి రాష్ట్రం న్యూహాంప్‌షైర్‌లో పోలింగ్ కూడా అయిపోయింది. తీరా పార్టీ మహాసభలో, కాకస్ ఓటుకు కట్టుబడాల్సిన పనిలేని అయోవా డెలిగేట్లు 28 మందిలో 22 మంది ఓటేసింది కాకస్‌లో మూడో స్థానంలో నిలిచిన రాన్ పాల్‌కు.

మాకు అన్నిటికన్నా తప్పనిపించేది 2016 జూన్ 6 ప్రకటన. డెమోక్రాట్ల టికెట్‌కు కావాల్సిన 2,383 డెలిగేట్ల మార్కును క్లింటన్ చేరారని అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ తేల్చేసింది. ఆ అంకెలో సూపర్ డెలిగేట్లు (ప్రైమరీ ఫలితంతో పనిలేకుండా నచ్చినవారికి ఓటేసే పార్టీ నేతలు) నోటిమాటగా చెప్పిన మద్దతునూ కలిపేశారు. వాళ్ళు నిజంగా ఓటేసేది జులైలో, పార్టీ మహాసభలో. కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా ఆరు రాష్ట్రాల్లో పోలింగ్ మర్నాడే ఉంది.