నాలుగు చుక్కల సినిమా

నిన్న రాత్రి మామగారికి మంచి సినిమా చూపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. టీవీలో వచ్చినప్పుడు చూశాంలే, అందరం కూర్చుని చూడొచ్చు అనుకున్నా. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాలు టీవీలో వెయ్యకూడదు కాబట్టి కోసి, మాటలు మూసి, మళ్లీ యూఏ తెచ్చుకుని వేస్తారని తెలుసు, కానీ ఆ టైమ్‌కి ఎవరికి గుర్తుంటుంది, యాప్‌లో పెట్టేశా. మొదట్లో మూల ‘యూఏ 16+, అసభ్య పదజాలం’ అని వచ్చి పోయిందట. మా ఆవిడ చెప్పింది, అంతా అయ్యాక.

మామగారికి వినికిడి తక్కువ, అందుకని సబ్‌టైటిల్స్ ఆన్. పైగా రిటైరైన తెలుగు మాస్టారు, అక్షరం కనపడితే పైకి చదవకుండా ఉండలేరు. సినిమా అంతా డైలాగులు రెండుసార్లు విన్నాం, ఒకసారి హీరో, ఒకసారి ఈయన.

ఇంటర్వెల్ ముందు విలన్ ఒకడి పీక కోస్తాడు. అది శుభ్రంగా, దగ్గర నుంచి, రక్తంతో సహా చూపించారు, దానికెవరికీ అభ్యంతరం లేదు. పీక కోస్తూ తిట్టిన తిట్టుంది చూశారూ, అది మాత్రం మ్యూట్. సబ్‌టైటిల్లో ‘ఒరే ల.... కొడకా’.

‘‘ఒరే ల...’’ అని మామగారు ఆగిపోయారు. ‘‘అల్లుడుగారూ, కాస్త వెనక్కి పోనివ్వండి.’’

పోనిచ్చా. మళ్లీ పీక తెగింది, మళ్లీ చుక్కలు. పాజ్ చెయ్యమన్నారు, చేశా, ఏం చేస్తాం, పెద్దాయన. తెర మీద ఆ మాట అలా నిలబడిపోయింది, కింద మా కుటుంబం.

‘‘ల తో మొదలైంది... లాయరు కొడకా? వాళ్ల నాన్న లాయరని ఎక్కడా చెప్పలేదే. అయినా దీర్ఘం లేదు.’’ కళ్లజోడు తుడుచుకున్నారు. ‘‘లక్ష్మీనారాయణ కొడకా?’’ వేళ్ల మీద లెక్కపెట్టుకుని ‘‘ఊహూ, చుక్కలు చాలవు’’ అన్నారు. అత్తగారు హఠాత్తుగా దుప్పట్లు మడతపెట్టడం మొదలెట్టారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి సర్టిఫికెట్ ఇవ్వాలంటే కచ్చితంగా ‘ఏ’నే. నేను రిమోట్‌లో ప్లే బటన్ వెతుకుతున్నా, అది సౌండ్ పెంచుతోందే తప్ప ప్లే అవ్వట్లేదు, ఈలోపు మూడో క్లాసు చదివే మా సుపుత్రుడు చెయ్యెత్తి ‘‘తాతయ్యా, నాకు తెలుసు!’’ అన్నాడు.

చెప్పాడు. స్పష్టంగా. సున్నాతో సహా.

మొదట్లో వచ్చి పోయిన ఆ ‘యూఏ 16+’ అంటే పదహారేళ్ల లోపు వాళ్లు పెద్దల పర్యవేక్షణలో చూడొచ్చని అర్థం, ఆ పర్యవేక్షణ అనేదాన్ని నేనే. పిల్లల లాక్ ఉండి తీరాలని 2021 ఐటీ రూల్స్‌లో ఉంది, మా యాప్‌లోనూ ఉంది, పిన్ మా వాడికే తెలుసు, పెట్టింది వాడే కాబట్టి. ఆ రేటింగ్ కూడా యాప్ వాళ్లు వాళ్లకి వాళ్లే ఇచ్చుకుంటారు. సరే ఇచ్చుకోండి, కానీ నోరు మూసేవాడూ సబ్‌టైటిల్ రాసేవాడూ ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకుంటే ఏం పోతుంది? మాట వినపడకపోతే మా ఇంట్లో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, చుక్కలు పెట్టి పరీక్ష పెట్టారు.

మామగారు ఏమంటారోనని భయపడ్డా. ఆయన చాలాసేపు తెర వైపే చూసి, ‘‘అయితే మిగిలింది ఒక్క అక్షరమే కదండీ, దానికి నాలుగు చుక్కలేంటి? పైగా సున్నా ఎగరగొట్టారు. రాయండి కంప్లైంట్’’ అన్నారు.

15 రోజుల్లో జవాబివ్వాలని రూలుంది కదా అని ఇవాళ పొద్దున్న ఆయన పక్కన కూర్చుని డిక్టేట్ చేస్తుంటే యాప్‌లో టైప్ చేశా. తప్పేదో, ఒప్పేదో వివరంగా రాయాలి కదా, ఆ మాట పూర్తిగా రాసి సబ్మిట్ నొక్కా. ‘మీ సందేశంలో అసభ్య పదం ఉంది, పంపలేం’ అని వచ్చింది. మామగారు దాన్నీ పైకి చదివారు.